చట్టం మారినా చెరగని ఎర్ర గీత: అమెరికాలో ఇంటి లోను జాతి వివక్షను ఎలా నడిపించింది

క్లుప్తంగా

అమెరికాలో తెల్లవాళ్ళకూ నల్లజాతివాళ్ళకూ మధ్య ఉన్న ఆస్తి తేడాకు ఒక పెద్ద కారణం సొంతిల్లు. 1934 నుంచి 1960ల దాకా ప్రభుత్వమే పూచీ పడి ఇప్పించిన చవక లోన్లు నల్లజాతి పేటలకు దాదాపుగా అందలేదు. 1968 చట్టం ఆ వివక్షను నిషేధించింది గానీ, అప్పటికే పోగైన తేడాను ముట్టుకోలేదు. వారసత్వం, స్కూళ్ళ నిధులు, ఎక్కడ ఎలాంటి ఇల్లు కట్టొచ్చో చెప్పే స్థానిక జోనింగ్ నిబంధనలు ఆ తేడాను ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరవేస్తున్నాయి.

ఎక్కువమంది అడిగే ప్రశ్న

అమెరికాలో జాతి వివక్ష గురించి వార్త వచ్చిన ప్రతిసారీ తెలుగువాళ్ళ చర్చల్లో ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది. బానిసత్వం 1865లోనే పోయింది, ఓటు హక్కు చట్టం 1965లో వచ్చింది, నల్లజాతి అధ్యక్షుడు ఎనిమిదేళ్ళు పాలించాడు కూడా, ఇంకా వ్యవస్థలోనే వివక్ష ఉందంటారు, ఎక్కడుందో చూపించండి అని. న్యాయమైన ప్రశ్నే. పోలీసు కాల్పుల వీడియోల్లో వెతికితే దీనికి సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం రిజిస్ట్రేషన్ కాగితాల్లో, బ్యాంకు ఫైళ్ళలో, మున్సిపాలిటీ మ్యాపుల్లో ఉంది.

ముందు ఒక లెక్క చూద్దాం. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2022లో చేసిన సర్వే ప్రకారం తెల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి సుమారు 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబాలది సుమారు 44,900 డాలర్లు. అప్పులు పోను మిగిలేదే ఇక్కడ ఆస్తి, మధ్యస్థం అంటే సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద. ఆదాయంలో తేడా ఇంత లేదు, నల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆదాయం తెల్లవాళ్ళ ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. అదే ఆస్తి దగ్గరకొచ్చేసరికి ఆరో వంతుకు పడిపోతోంది. జీతాల తేడా ఒక్కదానితో ఈ దూరాన్ని వివరించలేం. జీతం ఈ నెల సంగతి చెబుతుంది, ఆస్తి మాత్రం తాత ముత్తాతల దాకా వెనక్కి వెళ్ళి చెబుతుంది. అమెరికా మధ్యతరగతికి ఆస్తి అంటే చాలావరకు ఇల్లే కాబట్టి, ఆ ఇల్లు ఎవరికి ఎలా వచ్చింది, ఎవరికి ఎందుకు రాలేదు అన్నది చూడాలి.

వ్యవస్థీకృత వివక్ష అన్నప్పుడు చాలామంది ద్వేషం నిండిన మనుషుల గుంపును ఊహించుకుంటారు. అలాంటివాళ్ళు ఉన్నారు, రాళ్ళు వేశారు, ఇళ్ళు తగలబెట్టారు. కానీ వివక్ష ఇన్నేళ్ళు నిలబడడానికి వాళ్ళే చాలరు. నిబంధన ఒకసారి రాసిపెట్టాక, దాన్ని అమలు చేసే గుమాస్తాకు ద్వేషం ఉండాల్సిన పని లేదు. ఫారం నింపితే చాలు.

రాని భూమి, వలస

1865 జనవరిలో, అంతర్యుద్ధం చివర్లో, ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యాధికారి జనరల్ షెర్మన్ సౌత్ కరోలినా, జార్జియా, ఫ్లోరిడా తీరంలో స్వాధీనం చేసుకున్న భూముల్ని విముక్తులైన బానిస కుటుంబాలకు 40 ఎకరాలకు మించకుండా పంచమని ఆదేశం ఇచ్చాడు. దాదాపు 40 వేలమంది ఆ భూముల్లో సాగు మొదలుపెట్టారు కూడా. ఆ ఏడాది ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది, తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఏడాది తిరక్కముందే ఆ భూముల్లో ఎక్కువ భాగం పాత యజమానులకే తిరిగి ఇప్పించేశాడు. అలా బానిసత్వం నుంచి బయటపడ్డ మొదటి తరం చేతిలో భూమి లేకుండా బతుకు మొదలుపెట్టి, ఎక్కువమంది అదే దొరల పొలాల్లో పాలేర్లుగా, కౌలుదార్లుగా అప్పుల్లో ఇరుక్కున్నారు.

తర్వాతి సంగతి చాలామందికి తెలిసిందే. 1896లో సుప్రీంకోర్టు వేరువేరుగా ఉంచినా సమానమే అన్న సిద్ధాంతాన్ని ఆమోదించింది, దక్షిణ రాష్ట్రాల్లో రైలు పెట్టె నుంచి మంచినీళ్ళ కుళాయి దాకా వేరుచేశారు, ఓట్లు లాక్కున్నారు, మూకహత్యలు జరిగాయి. దాన్నుంచి తప్పించుకోవడానికి 1910, 1970 మధ్య సుమారు 60 లక్షలమంది నల్లజాతివాళ్ళు దక్షిణం వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలెస్ లాంటి నగరాలకు వెళ్ళారు. ఉత్తరాదిలో దక్షిణాది చట్టాలు లేవు. అయితే అక్కడ అడ్డుగోడ వేరే రూపంలో లేచింది.

దస్తావేజులోనే నిషేధం

బాల్టిమోర్ నగరం 1910లో ఏ వీధిలో ఏ జాతివాళ్ళు ఉండాలో చెబుతూ చట్టం చేసింది. మరికొన్ని నగరాలు దాన్నే అనుసరించాయి. 1917లో లూయివిల్ నగరం కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాలు చెల్లవంది. ఆ తీర్పుకు ఆధారం నల్లజాతివాళ్ళ సమానత్వం కన్నా ఎక్కువగా ఆస్తి యజమాని హక్కు, అంటే తన ఇంటిని తనకు నచ్చినవాళ్ళకు అమ్ముకునే స్వేచ్ఛ. అందుకని దాన్ని తప్పించుకునే దారి వెంటనే దొరికింది. ప్రభుత్వం చట్టం చేయకూడదు, సరే, యజమానులే తమలో తాము ఒప్పందం చేసుకుంటే?

అలా పుట్టిందే దస్తావేజులో జాతి షరతు రాసే పద్ధతి. ఈ ఇంటిని కాకేషియన్ జాతివాళ్ళకు తప్ప ఎవరికీ అమ్మరాదు, అద్దెకివ్వరాదు, పనివాళ్ళుగా తప్ప ఇక్కడ ఉండనివ్వరాదు అని క్రయపత్రంలోనే రాసేవారు. ఆ షరతు మనిషితో పాటు పోదు, స్థలంతో పాటు వస్తుంది. ఇల్లు పదిమంది చేతులు మారినా అది అలాగే ఉంటుంది, ఎవరైనా మీరితే పక్కింటివాళ్ళు కోర్టుకు వెళ్ళి కొన్నవాళ్ళను ఖాళీ చేయించొచ్చు. 1926లో సుప్రీంకోర్టు ఇది ప్రైవేటు ఒప్పందం, మాకు సంబంధం లేదు అంది. చాలాచోట్ల ఈ షరతులు యూదులను, ఆసియా వాళ్ళను కూడా కలిపే రాశారు.

రియల్ ఎస్టేట్ ఏజెంట్ల జాతీయ సంఘం 1924లో తన నీతి నియమావళిలోనే ఒక సూత్రం పెట్టుకుంది, ఒక పేటలో ఆస్తి విలువ తగ్గిస్తారనుకునే జాతివాళ్ళను ఏజెంటు అక్కడికి తీసుకురాకూడదని. ఆ మాట 1950 దాకా తీయలేదు. వివక్ష చూపని ఏజెంటే ఆ నియమం ప్రకారం తప్పు చేసినవాడు, ఈ ఒక్క విషయం చాలు ఆ కాలం తీరు అర్థం కావడానికి.

1930లలో వచ్చిన అసలు మార్పు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మొత్తం కథకు కీలకం ఇదే.

1930కి ముందు అమెరికాలో ఇంటి లోను మధ్యతరగతికి అందేది కాదు. ఇంటి ధరలో సగం దాకా చేతి నుంచి పెట్టుకోవాలి, గడువు ఐదారేళ్ళు, అప్పటిదాకా వడ్డీ కట్టి చివర్లో అసలు మొత్తం ఒకేసారి తీర్చాలి, లేదా మళ్ళీ కొత్త లోను కోసం తిరగాలి. మహామాంద్యం వచ్చాక బ్యాంకులు కొత్త లోన్లు ఆపేశాయి, లక్షల ఇళ్ళు జప్తుకొచ్చాయి. రూజ్వెల్ట్ ప్రభుత్వం రెండు సంస్థలు పెట్టింది. 1933లో వచ్చిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ మునిగిపోతున్న పాత లోన్లను తీసుకుని దాదాపు 10 లక్షల ఇళ్ళను కాపాడింది. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌హెచ్‌ఏ) కొత్త లోన్లకు బీమా ఇచ్చింది. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే బ్యాంకు నష్టం ప్రభుత్వం భరిస్తుంది. బ్యాంకుకు రిస్కు పోయింది కాబట్టి డౌన్ పేమెంట్ 20 శాతానికి, తర్వాత ఇంకా కిందికి దిగింది, గడువు 20 ఏళ్ళకు, 30 ఏళ్ళకు పెరిగింది, వడ్డీ తగ్గింది. ప్రతి నెలా అసలూ వడ్డీ కలిపి కట్టే ఇప్పటి ఈఎంఐ పద్ధతి మామూలైపోయింది. చాలా ఊళ్ళలో అద్దె కన్నా కిస్తీ తక్కువయింది. అమెరికా మధ్యతరగతి సొంతిళ్ళు ఇలా వచ్చాయి, వాటి వెనక ప్రభుత్వ పూచీ ఉంది.

ఆ పూచీ ఎవరికి ఇవ్వాలి? మొదటి సంస్థ 200కు పైగా నగరాలకు మ్యాపులు గీయించింది. మంచి పేటలకు ఆకుపచ్చ, తర్వాతివాటికి నీలం, దిగజారుతున్నవాటికి పసుపు, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. ఇళ్ళ వయసు, మరమ్మతులు, ఫ్యాక్టరీల పొగ లాంటివన్నీ చూశారు, వాటితో పాటు అక్కడ ఉంటున్నది ఏ జాతివాళ్ళు అన్నది కూడా రాసుకున్నారు. ఎర్ర రంగు పడ్డ చోట్ల పేద తెల్లవాళ్ళూ ఉన్నారు, నిజానికి లెక్కలో వాళ్ళే ఎక్కువ. కానీ నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉన్న పేట అంటే దాదాపు ప్రతిచోటా ఎర్ర రంగే పడింది. పేటను బట్టి లోను నిరాకరించడానికి రెడ్‌లైనింగ్ అన్న పేరు వచ్చింది ఆ రంగు వల్లే.

చరిత్రకారుల మధ్య ఇప్పుడొక వాదన నడుస్తోంది, ఈ మ్యాపులే అన్నిటికీ కారణమనడం సరికాదని. అందులో బలముంది. మ్యాపులు గీసేటప్పటికే ఆ సంస్థ తన లోన్లలో ఎక్కువ భాగం ఇచ్చేసింది, నల్లజాతివాళ్ళకు కూడా కొన్ని ఇచ్చింది. అసలు దెబ్బ రెండో సంస్థ నుంచి వచ్చింది. ఎఫ్‌హెచ్‌ఏ తన అధికారులకు ఇచ్చిన మాన్యువల్‌లో, పేట స్థిరంగా ఉండాలంటే అదే సామాజిక, జాతి వర్గాలవాళ్ళు అక్కడ కొనసాగాలని 1938లో అచ్చులో రాసింది. దస్తావేజుల్లో జాతి షరతులు పెట్టుకోవడం మంచిదని సిఫారసు చేసింది. అంటే అంతదాకా ప్రైవేటు ఒప్పందంగా ఉన్న వివక్ష ఇప్పుడు ప్రభుత్వ లోనుకు అర్హతగా మారింది. నల్లజాతి కుటుంబం జీతం, క్రెడిట్ ఎంత బాగున్నా సరే, ఆ పేటకు బీమా లేదు, కాబట్టి ఆ లోను లేదు. తెల్లవాళ్ళ పేటలోకి వెళ్దామంటే దస్తావేజు అడ్డం.

ఇది ఎంతదూరం పోయిందో డెట్రాయిట్‌లో కంటితో చూడొచ్చు. 1941లో ఒక బిల్డర్ ఎయిట్ మైల్ రోడ్ దగ్గర నల్లజాతి పేట పక్కనే తెల్లవాళ్ళకు ఇళ్ళు కట్టబోతే ఎఫ్‌హెచ్‌ఏ పూచీ ఇవ్వనంది. ఆయన రెండు పేటల మధ్య ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున కాంక్రీటు గోడ కట్టాడు. వెంటనే పూచీ వచ్చింది. ఆ గోడలో ఎక్కువ భాగం ఇప్పటికీ నిలబడే ఉంది, దాని మీద ఇప్పుడు బొమ్మలు వేసి ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇది ఇంకా పెద్ద స్థాయిలో జరిగింది. 1944లో వచ్చిన జీఐ బిల్లు సైనికులకు ఇంటి లోన్లకు, చదువులకు సాయం చేసింది. కాగితం మీద అందులో జాతి ప్రస్తావన లేదు. కానీ లోను ఇవ్వాల్సింది స్థానిక బ్యాంకు. 1947లో మిసిసిపి రాష్ట్రంలోని 13 పట్టణాల లెక్క తీస్తే, మాజీ సైనికులకు గ్యారంటీ ఇచ్చిన 3,229 లోన్లలో నల్లజాతివాళ్ళకు వచ్చినవి రెండంటే రెండు. అదే ఏడాది న్యూయార్క్ నగరం బయట లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీ కట్టడం మొదలైంది. నాలుగైదేళ్ళలో 17 వేలకు పైగా ఇళ్ళు, ఒక్కోటి సుమారు 8 వేల డాలర్లు, మాజీ సైనికులైతే డౌన్ పేమెంట్ కూడా అక్కర్లేదు. ఒప్పంద పత్రంలో కాకేషియన్లు కానివాళ్ళు ఉండరాదన్న షరతు. ఆ ఇళ్ళు ఇప్పుడు 5 లక్షల డాలర్ల పైమాటే. ఒకే యుద్ధంలో ఒకే యూనిఫాం వేసుకున్న ఇద్దరిలో ఒకడి మనవళ్ళకు ఆ విలువ వారసత్వంగా వచ్చింది, రెండోవాడి మనవళ్ళకు అద్దె రసీదులు మిగిలాయి.

బ్యాంకు లేని చోట వడ్డీ వ్యాపారి

లోను రాకపోతే ఇల్లు కొనకుండా ఊరుకుంటారా? ఊరుకోలేదు, కొన్నారు, ఇంకా ఎక్కువ పెట్టి కొన్నారు. షికాగో పడమటి వైపున్న నార్త్ లాండేల్ లాంటి పేటల్లో 1950, 60లలో నడిచిన కాంట్రాక్టు అమ్మకాలు దీనికి ఉదాహరణ.

ముందు దళారి తెల్లవాళ్ళ వీధిలో ఒక ఇల్లు నల్లజాతి కుటుంబానికి అమ్మేవాడు, లేదా అమ్మినట్టు పుకారు లేపేవాడు. ఇక ఇళ్ళ ధరలు పడిపోతాయని భయపెట్టి మిగతావాళ్ళ దగ్గర చవగ్గా కొనేసేవాడు. అదే ఇంటిని రెట్టింపు ధరకు నల్లజాతి కుటుంబానికి కాంట్రాక్టు మీద ఇచ్చేవాడు. డౌన్ పేమెంట్, నెల నెలా కిస్తీ, ఇంటి పన్ను, మరమ్మతులు అన్నీ కొన్నవాళ్ళవే. కానీ చివరి కిస్తీ కట్టేదాకా ఇల్లు అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. ఒక్క నెల తప్పినా ఖాళీ చేయించొచ్చు, అప్పటిదాకా కట్టిందంతా పోయినట్టే, మర్నాడు అదే ఇల్లు ఇంకో కుటుంబానికి. కిస్తీ తప్పకూడదన్న టెన్షన్‌తో భార్యాభర్తలిద్దరూ రెండేసి ఉద్యోగాలు చేసేవారు, ఇంట్లో గదులు అద్దెకిచ్చేవారు, మరమ్మతులు వాయిదా వేసేవారు. దాంతో ఇళ్ళు పాతబడి, పేట ఇరుకై, చూశారా వీళ్ళు వస్తే పేట పాడవుతుంది అన్న మాటకు అదే సాక్ష్యమైపోయింది. నిబంధన పుట్టించిన ఫలితం ఆ నిబంధనకే సమర్థనగా మారడం ఈ వ్యవస్థలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

2019లో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు వేసిన లెక్కలో, ఆ రెండు దశాబ్దాల్లో ఒక్క షికాగోలోనే నల్లజాతి కుటుంబాలు ఇలా 300 కోట్ల నుంచి 400 కోట్ల డాలర్ల దాకా నష్టపోయాయని తేలింది. 1968లో అక్కడి కొనుగోలుదార్లు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి కిస్తీలు కట్టడం ఆపి సమ్మె చేశారు. కొందరిని బలవంతంగా ఖాళీ చేయించారు, సామాన్లు వీధిలో పడేశారు. వందలమంది మాత్రం తమ ఒప్పందాలను తిరగరాయించుకోగలిగారు. కోర్టులో వేసిన పెద్ద కేసులు ఓడిపోయాయి.

ఇదే సమయంలో 1956 చట్టంతో దేశమంతా హైవేలు వేశారు. దారి ఎటు వెళ్ళాలన్నప్పుడు భూమి చవగ్గా, ఎదురుచెప్పే బలం తక్కువగా ఉన్న చోటే ఎంచుకున్నారు. సెయింట్ పాల్‌లో రాండో, మయామిలో ఓవర్‌టౌన్, న్యూ ఆర్లియన్స్‌లో క్లెయిబోర్న్ అవెన్యూ, డెట్రాయిట్‌లో బ్లాక్ బాటమ్, ఈ నాలుగు చోట్లా నల్లజాతివాళ్ళ దుకాణాలు, చర్చిలు, సొంతిళ్ళు రోడ్డు కింద పోయాయి.

పోరాటం, చట్టం

1948లో సెయింట్ లూయిస్‌కు చెందిన షెల్లీ కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, జాతి షరతుల్ని రాసుకోవచ్చేమో గానీ కోర్టులు వాటిని అమలు చేయకూడదంది. నల్లజాతివాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ న్యాయవాదులు ఏళ్ళ తరబడి ఊరూరా వేసిన కేసుల ఫలితం అది. ఎఫ్‌హెచ్‌ఏ కొత్త షరతులున్న ఇళ్ళకు పూచీ ఆపడానికి 1950 దాకా పట్టింది. కాగితం మీద షరతు పోయాక అదే పని మూకలు చేశాయి. 1957లో అదే బిల్డర్ పెన్సిల్వేనియాలో కట్టిన ఇంకో లెవిట్‌టౌన్‌లోకి మొదటి నల్లజాతి కుటుంబం, మైయర్స్ దంపతులు, వచ్చినప్పుడు వందలమంది ఇంటి ముందు చేరి రాళ్ళు వేశారు.

1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ నార్త్ లాండేల్‌లో ఒక పాత అపార్టుమెంటులోకి దిగి షికాగో ఉద్యమం మొదలుపెట్టాడు. ఆగస్టు 5న తెల్లవాళ్ళ పేట అయిన మార్క్వెట్ పార్క్‌లో తీసిన ఊరేగింపులో ఆయన తలకు రాయి తగిలింది. బస్సులో సీటు, హోటల్లో భోజనం కోసం దక్షిణాదిలో చేసిన పోరాటాలకు ఉత్తరాది తెల్లవాళ్ళలో చాలామంది మద్దతిచ్చారు, తమ వీధిలో ఇల్లు అనేసరికి ఆ మద్దతు కరిగిపోయింది. సీటు పంచుకోవడానికి డబ్బు పోదు, ఇంటి విలువ తగ్గుతుందన్న భయం మాత్రం జేబుకు సంబంధించింది. అందుకే పౌరహక్కుల చట్టాల్లో ఇళ్ళ చట్టం చివర్న వచ్చింది.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగర పోరాటం గురించి తక్కువ మాట్లాడుకుంటారు గానీ అది ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిందే. నగర కౌన్సిల్‌లో మొదటి నల్లజాతి సభ్యురాలు వెల్ ఫిలిప్స్ 1962 నుంచి ఇళ్ళ వివక్ష నిషేధానికి నాలుగుసార్లు బిల్లు పెట్టింది, ప్రతిసారీ 18 ఓట్లు వ్యతిరేకం, అనుకూలం ఆమెది ఒక్కటే. 1967 ఆగస్టు 28న ఎన్‌ఏఏసీపీ యువజన విభాగం, ఫాదర్ జేమ్స్ గ్రొప్పి కలిసి నల్లజాతి పేటకూ తెల్లవాళ్ళ పేటకూ మధ్య ఉన్న వంతెన దాటి ఊరేగింపు తీశారు. అవతల వేలమంది సీసాలు, రాళ్ళతో ఎదురొచ్చారు. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. అలా 200 రాత్రులు, మధ్యలో మంచు కాలం కూడా, నడుస్తూనే ఉన్నారు.

1968 ఏప్రిల్ 4న కింగ్ హత్య జరిగింది. నగరాలు తగలబడుతుండగా, ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే, అప్పటిదాకా నలుగుతున్న ఫెయిర్ హౌసింగ్ బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గి ఏప్రిల్ 11న చట్టమైంది. అయితే నెగ్గించుకోవడానికి దానికి కోరలు తీసేశారు. ఫిర్యాదు వస్తే ప్రభుత్వ శాఖ రాజీకి ప్రయత్నించొచ్చు, అంతే. బాధితుడు సొంతంగా కేసు వేసి గెలిచినా, శిక్షగా వేసే జరిమానాకు పరిమితి వెయ్యి డాలర్లు. ఆ లోపం సరిచేయడానికి 1988 దాకా ఆగాల్సొచ్చింది. మధ్యలో, బ్యాంకులు లోన్ల లెక్కలు బయటపెట్టాలని 1975లో, డిపాజిట్లు తీసుకునే ప్రాంతాల్లోనే లోన్లు కూడా ఇవ్వాలని 1977లో చట్టాలు వచ్చాయి. వీటి వెనక షికాగో పేటల్లోని స్థానిక సంఘాల ఒత్తిడి చాలా ఉంది.

నిషేధం తర్వాత కూడా నడిచే యంత్రం

1968 చట్టం ఆ రోజు నుంచి వివక్ష చూపొద్దంది. 34 ఏళ్ళుగా పోగైన తేడా గురించి ఏమీ అనలేదు. కాలువ మొదట్లో ఉన్న రైతులు ముప్పై ఏళ్ళు నీళ్ళు వాడుకున్నాక చివరి ఆయకట్టుకు తూము తెరిస్తే, ఆ రోజు నుంచి నీళ్ళొస్తాయి, ఎండిపోయిన పంటలు మాత్రం వెనక్కి రావు. పైగా 1970ల తర్వాత ఇళ్ళ ధరలు జీతాల కన్నా వేగంగా పెరిగాయి. 1950లో రెండేళ్ళ ఆదాయానికి కాస్త అటూ ఇటుగా పెట్టి కొనగలిగిన ఇల్లు, తలుపులు తెరిచేటప్పటికి చాలామందికి అందకుండా పోతూ వచ్చింది.

స్కూళ్ళ సంగతి ఇంకా కీలకం. అమెరికాలో ప్రభుత్వ స్కూళ్ళ నిధుల్లో పెద్ద వాటా స్థానిక ఇంటి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ళ విలువ తక్కువైతే పన్ను తక్కువ, పన్ను తక్కువైతే స్కూలు బలహీనం, స్కూలు బలహీనమైతే ఇళ్ళ విలువ ఇంకా తక్కువ. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో దీని మీదే కేసు నడిచింది. మెక్సికన్ మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఎడ్జ్‌వుడ్ జిల్లాలో జనం ఎక్కువ రేటుకు పన్ను కట్టినా ఒక్కో పిల్లకు వచ్చింది 356 డాలర్లు, పక్కనే ఎక్కువమంది తెల్లవాళ్ళున్న ఆలమో హైట్స్‌లో తక్కువ రేటుకే 594 డాలర్లు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇది రాజ్యాంగ ఉల్లంఘన కాదంది. మరుసటి ఏడాది డెట్రాయిట్ కేసులో, తెల్ల, నల్ల పిల్లలను ఒకే స్కూళ్ళలో కలిపే ఆదేశాలు నగర సరిహద్దు దాటి శివార్లకు వర్తించవంది, మళ్ళీ 5-4. ఈ రెండు తీర్పులతో పేట సరిహద్దు స్కూలు సరిహద్దుగా గట్టిపడింది.

జోనింగ్ ఇంకో పొర. చాలా శివారు టౌన్లలో ఒక స్థలంలో ఒక కుటుంబానికే ఇల్లు కట్టాలి, స్థలం ఇంత పెద్దగా ఉండాలి అని నిబంధన. జాతి మాట ఎక్కడా ఉండదు, చవక ఇళ్ళు మాత్రం రావు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1975లో మౌంట్ లారెల్ కేసులో ఇది చెల్లదని, ప్రతి టౌనూ తన వాటా చవక ఇళ్ళకు చోటివ్వాలని చెప్పింది. న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్ళు టౌన్ మీటింగుల్లో వినే అఫర్డబుల్ హౌసింగ్ గొడవల మూలం ఆ తీర్పే.

2008 ఆర్థిక సంక్షోభానికి ముందు వివక్ష తలకిందులైంది. లోను ఇవ్వకపోవడం పోయి, మంచి క్రెడిట్ ఉన్నవాళ్ళకు కూడా, క్రెడిట్ సరిగా లేనివాళ్ళకు ఎక్కువ వడ్డీకి ఇచ్చే సబ్‌ప్రైమ్ లోన్లు అంటగట్టారన్న ఆరోపణలొచ్చాయి. అమెరికా న్యాయశాఖతో కంట్రీవైడ్ అనే ఇంటి లోన్ల కంపెనీ కేసులో 2011లో 33.5 కోట్ల డాలర్లకు, వెల్స్ ఫార్గో బ్యాంకు కేసులో 2012లో 17.5 కోట్ల డాలర్లకు రాజీలు కుదిరాయి. ఇళ్ళు జప్తయిన కుటుంబాలకు ఆ రాజీ డబ్బు ఇంటిని తిరిగి ఇవ్వలేదు. ఎండల్లో కూడా ఆ పాత మ్యాపు కనిపిస్తుంది. 108 నగరాలను పరిశీలించిన 2020 అధ్యయనంలో, 94 శాతం చోట్ల ఎర్ర రంగు పేటలు మిగతావాటి కన్నా వేడిగా ఉన్నాయని తేలింది. చెట్లు తక్కువ, తారు, కాంక్రీటు ఎక్కువ.

తెలుగువాళ్ళు ఈ కథలో ఎక్కడున్నారు

1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అదే ఏడాది బోస్టన్ చేరుకున్నారు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందుల పరిశోధనలో ఆయన చేసిన పని ప్రపంచమంతా వాడుకుంటోంది, కానీ 1946లో చట్టం మారేదాకా ఆ దేశ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే అర్హత కూడా ఆయనకు లేదు. మారాక కూడా భారతీయులకు ఏడాదికి కోటా 100 మాత్రమే.

ఆ తలుపు నిజంగా తెరిచింది 1965 వలస చట్టం. పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కుదిపేస్తున్న కాలంలో, జాతిని బట్టి పౌరహక్కులు ఉండకూడదన్న వాదనే జాతిని బట్టి వీసాలు కూడా ఉండకూడదన్న వాదనకు బలమిచ్చింది. డాక్టర్లుగా, ఇంజనీర్లుగా, తర్వాత ఐటీ ఉద్యోగులుగా వెళ్ళిన తెలుగువాళ్ళు ఆ చట్టం దారిలోనే వెళ్ళారు. పైగా వాళ్ళు వెళ్ళేటప్పటికి జాతి షరతులు చెల్లకుండా పోయాయి, లోన్లలో వివక్ష నిషేధమైంది. అంటే మిల్వాకీ వంతెన మీద రాళ్ళు తిన్నవాళ్ళ పోరాట ఫలం వాళ్ళకు వచ్చీరాగానే అందింది. మేమూ చేతిలో ఏమీ లేకుండానే వచ్చి పైకొచ్చాం కదా అనే పోలికలో ఈ సంగతి జారిపోతుంది. చదువుల్లో వడపోసి తీసుకున్న వలసదారులకూ, తరాల తరబడి లోను దొరకని కుటుంబాలకూ మొదలుపెట్టిన చోటు ఒకటి కాదు.

ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ చూసుకోవడం సహజం, పిల్లల చదువు ఎవరికైనా ముఖ్యమే. ఆ రేటింగులో స్కూలు ఎంత బాగా చెబుతోందన్నదానితో పాటు పిల్లల ఇళ్ళ ఆస్తి ఎంతన్నది కూడా కలిసే ఉంటుంది. ఎవరూ చెడు ఉద్దేశంతో చేయకపోయినా, అందరూ ఆ అంకె వెంట వెళ్తే పాత సరిహద్దుకు మళ్ళీ ధర కట్టినట్టే అవుతుంది.

ఇప్పుడు ఏం జరుగుతోంది

నష్టపరిహారం అన్న మాట వినగానే ఎవరికి, ఎంత, ఎవరు కట్టాలి అని వాదన ఆగిపోతుంది. ఇళ్ళ విషయంలో మాత్రం కాగితాలున్నాయి కాబట్టి కొంత కదలిక వచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్ పట్టణం 1919, 1969 మధ్య అక్కడ ఉన్న నల్లజాతివాళ్ళకు, వాళ్ళ వారసులకు ఇంటి కోసం 25 వేల డాలర్ల చొప్పున ఇచ్చే పథకాన్ని 2021లో ఆమోదించింది. డబ్బు గంజాయి అమ్మకాల పన్ను నుంచి. కాలిఫోర్నియాలో మాన్‌హాటన్ బీచ్ పట్టణం 1924లో పార్కు పేరు చెప్పి ఒక నల్లజాతి కుటుంబం నడిపే బీచ్ రిసార్టును లాక్కుంది. 2022లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆ స్థలాన్ని వారసులకు తిరిగి ఇచ్చింది, మరుసటి ఏడాది వాళ్ళు దాన్ని కౌంటీకే 2 కోట్ల డాలర్లకు అమ్మారు. ఒక్క స్థలం విలువ అది.

ఇంకోవైపు చట్టం వెనక్కి కూడా నడుస్తోంది. ఉద్దేశం రుజువు కాకపోయినా, ఒక నిబంధన ఫలితం ఒక జాతికి అన్యాయంగా పడుతుంటే, సరైన కారణం చూపలేనప్పుడు ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద ప్రశ్నించొచ్చని 2015లో సుప్రీంకోర్టు 5-4తో ఒప్పుకుంది. కానీ 2023లో కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని అదే కోర్టు తీర్పు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఆదేశం, ఫలితాన్ని ఆధారంగా చేసుకునే కేసులకు ప్రభుత్వ సంస్థలు ప్రాధాన్యం తగ్గించాలని చెప్పింది. ఇది నిలబడితే భారం మళ్ళీ ఉద్దేశం రుజువు చేయడం మీదకు వెళ్తుంది. లోను ఇవ్వాలా వద్దా అన్నది, ఇంటి విలువ ఎంత అన్నది సాఫ్ట్‌వేర్ తేలుస్తున్న ఈ రోజుల్లో ఉద్దేశం ఎక్కడా రాసి ఉండదు, దొరికేది ఫలితం ఒక్కటే.

ఆ ఫలితాల లెక్క మాత్రం ఇప్పటికీ బయటకొస్తోంది. 1975 చట్టానికి 1989లో చేసిన సవరణతో దరఖాస్తుదారు జాతి వివరాలు కూడా అందులో చేరాయి. ఏ బ్యాంకు ఏ పేటలో ఏ జాతివాళ్ళ దరఖాస్తులు ఎన్ని ఒప్పుకుంది, ఎన్ని కాదంది అన్నది ఏటా ప్రచురిస్తారు. ఆ లెక్క ఎవరైనా తీసి చూసుకోవచ్చు.